స్వామి పేరిట వెలసిన వరహా



ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో తులం లెక్క తెలియనివారుండరు. మన పూర్వులు లెక్కించినది వరహాలలో. నేడు మ్యూజియం అద్దాల వెనుకనో, నాణెముల సేకర్తల వద్దనో తప్ప కానరాని అట్టి వరహానొకదానిని గూర్చి మనవి చేయుచున్నాను.

బరువు సుమారు 3.4 గ్రాములు. ఒకవైపు తోరణము క్రింద నిలిచిన శ్రీ వేంకటేశ్వరుడు. రెండవవైపు నాగరి లిపిలో ‘శ్రీ వేంకటేశ్వరాయ నమః’. రాజు పేరు లేదు! 1514లో తిరుమలేశునికి 30,000 బంగారు నాణెములతో కనకాభిషేకము చేసిన శ్రీకృష్ణదేవరాయలు సైతము తన వరహాలపై ‘శ్రీ ప్రతాప కృష్ణరాయ’ అని ముద్రించుకొన్నవాడే. మరి ఈ మార్పు ఎందుకు?

1565లో రక్కసి-తంగడి యుద్ధమున అళియ రామరాయలు హతుడయ్యెను. విజయనగరము పాడుపడగా రాజధాని పెనుగొండకు, తరువాత చంద్రగిరికి, వేలూరుకు తరలెను. 1586లో గద్దెనెక్కిన ఆరవీటి వేంకటపతి దేవరాయల నాణెమిది. ఆయన కాలముననే గోలకొండ సేనలు గండికోటను పట్టి పెనుగొండను ముట్టడించెను. ఆ రెండు దుర్గముల నడుమ ఉన్నది మన పులివెందుల సీమయే. పెనుగొండ నిలిచినది, గండికోట తిరిగి రాయల వశమైనది. రాజ్యము చేజారుచున్న వేళ తన పేరు మాని స్వామి పేరు వేయించిన ఆ రాజు మనసు ఎట్టిదో మీరే ఊహింపుడు. అది భక్తియే కాదు, ఎల్లరు నమ్మదగిన పూచీ కూడ అని నా అభిప్రాయము.

జమ్మలమడుగు చేరువనున్న ఆ గండికోట 1650లో పెమ్మసాని వారి చేతినుండి మీర్ జుమ్లా పాలయ్యెను. రెండేండ్లకు అక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే ఒక వింత వ్రాసెను. ఫిరంగులు పోతపోయుటకై దేవాలయ విగ్రహములను తెప్పించి కరగించిరట. గండికోట గుడిలోని ఆరు రాగి విగ్రహములు మాత్రము ఎంత యత్నించినను కరగలేదట. ఫిరంగి ఒక్కటియు తయారు కాలేదట!

రాజులు పోయిరి గాని స్వామి నాణెము వీడలేదు. మద్రాసులోని ఇంగ్లీషు కంపెనీవారు సైతము తమ వరహాలపై దేవతామూర్తినే ముద్రించిరి; ఉభయ నాంచారులతో స్వామి నిలిచిన ‘మూడు స్వాముల వరహా’ వారిదే. 1800లో నిజాము మన కడప సీమను వారికి దత్తము చేసెను. 1818లో రూపాయి ప్రమాణమగు వరకు మద్రాసు ప్రభుత్వపు లెక్కలు వరహాలలోనే సాగినవి.