ఎంజీబీ కారు వెనుక కమాను స్ప్రింగు

ఎంజీబీ కారు వెనుక ఇరుసును బాడీతో కలిపే ఉక్కు పట్టీల కట్టను వెనుక కమాను స్ప్రింగు అంటారు. తెలుగునాట లారీ మెకానిక్కులు ఇటువంటి దానినే కమాను కట్ట అని వ్యవహరిస్తారు. ఎంజీబీ బ్రిటనులో తయారైన రెండు తలుపుల స్పోర్ట్స్ కారు. సిడ్ ఎనెవర్ నాయకత్వంలో రూపొందిన ఈ కారు 1962 నుండి 1980 వరకు ఇంగ్లండులోని ఆబింగ్డన్ కర్మాగారంలో ఉత్పత్తి అయినది. అన్ని రకాలూ కలిపి 5 లక్షలకు పైగా కార్లు తయారైనందున, నేటికీ చాలామంది ఔత్సాహికులు వీటిని స్వయంగా మరమ్మతు చేసుకొని నడుపుతున్నారు.

నిర్మాణం

ఈ కారు ముందు చక్రాలకు చుట్ట స్ప్రింగులు, వెనుక ఇరుసుకు ఇరువైపులా ఒక్కొక్క కమాను స్ప్రింగు ఉంటాయి. వేర్వేరు పొడవులు గల పట్టీలను ఒకదానిపై ఒకటి పేర్చి, నడుమ ఒక బోల్టుతో బిగించి స్ప్రింగును తయారు చేస్తారు. అన్నిటికంటే పొడవైన పట్టీ రెండు చివరలనూ గుండ్రంగా చుట్టి "కన్ను"గా మలుస్తారు. ముందు కన్ను బాడీకి ఒక బోల్టుతో స్థిరంగా ఉంటుంది. బరువు పడినపుడు వంపు తగ్గి స్ప్రింగు పొడవు పెరుగుతుంది కనుక, వెనుక కన్నును షాకిల్ అనే ఊగే కొక్కెం ద్వారా బాడీకి తగిలిస్తారు. రెండు చోట్లా రబ్బరు బుష్‌లు ఉంటాయి. స్ప్రింగుపై కూర్చున్న ఇరుసును రెండు యు-బోల్టులు, అడుగున ఒక పలక పట్టి ఉంచుతాయి.

ప్రాధాన్యత

కమాను స్ప్రింగు పని కుదుపులను తగ్గించడం మాత్రమే కాదు. ఇరుసు ముందుకు వెనుకకు జరగకుండా, పక్కలకు పోకుండా నిలిపేది కూడా ఇదే. చక్రాలు కారును నెట్టే బలమూ, బ్రేకు వేసినపుడు ఇరుసును తిప్పబోయే బలమూ స్ప్రింగు ద్వారానే బాడీకి చేరుతాయి. కాబట్టి అమరికలో పొరపాటు జరిగితే కుదుపులు పెరగడమే కాక, కారు నడిచే దిశ కూడా మారవచ్చును.

మార్చవలసిన లక్షణాలు

కారు ఒకవైపు ఒరిగి ఉండడం, స్ప్రింగు వంపు పోయి చదునుగా మారడం, చిన్న గుంతలకే ఇరుసు పైనున్న రబ్బరు దిమ్మెకు తగలడం, పట్టీ పగలడం ముఖ్య లక్షణాలు. ఒక స్ప్రింగు మాత్రమే మారిస్తే రెండు పక్కల ఎత్తు, గట్టిదనం సమానంగా ఉండవు. అందుచేత రెండింటినీ ఒకేసారి మారుస్తారు. పైకప్పు గల జీటీ రకానికి, మడత టాపు గల రకానికి వేర్వేరు స్ప్రింగులు వాడారు. 1974 చివరలో రబ్బరు బంపర్లతో పాటు కారు ఎత్తునూ పెంచారు. కాబట్టి కారు రకాన్ని, సంవత్సరాన్ని చూసి స్ప్రింగును ఎంచుకోవాలి.

అమర్చే విధానం

1. ముందు చక్రాలకు అడ్డు దిమ్మెలు పెట్టి, వెనుక భాగాన్ని ఎత్తి, బాడీని దృఢమైన స్టాండులపై నిలపాలి. జాకీ ఒక్కదానిపై ఆధారపడిన కారు క్రిందికి వెళ్ళడం ప్రాణాపాయం.

2. ఇరుసు క్రింద జాకీ ఉంచి దాని బరువును మోయాలి. చక్రాన్ని, షాక్ అబ్సార్బరు లింకును, ఇరుసు అతిగా వ్రేలాడకుండా ఆపే పట్టీని విడదీయాలి.

3. యు-బోల్టులు, షాకిల్, చివరగా ముందు బోల్టు తీసి పాత స్ప్రింగును దించాలి. ముందు బోల్టు తరచు బుష్ లోపలి గొట్టానికి తుప్పుతో అతుక్కుపోయి ఉంటుంది.

4. కొత్త స్ప్రింగు ముందు కన్నును, తరువాత షాకిల్‌ను తగిలించి నట్లను వదులుగా ఉంచాలి. రబ్బరుకు ఇంజను ఆయిలు తగిలితే అది ఉబ్బి పాడవుతుంది. జారుడు కోసం సబ్బునీరు వాడవచ్చు.

5. రబ్బరు మెత్తలను పెట్టి, స్ప్రింగు నడుమ బోల్టు తలను ఇరుసు దిమ్మెలోని రంధ్రంలో సరిగా కూర్చోబెట్టాలి. ఇది కుదరకపోతే ఇరుసు వంకరగా నిలిచి, కారు ఏటవాలుగా నడుస్తుంది.

6. కొత్త యు-బోల్టులు వేసి, నాలుగు నట్లనూ మార్చి మార్చి సమంగా బిగించాలి. విడదీసిన లింకును, పట్టీని తిరిగి కలపాలి.

7. చక్రాలు బిగించి కారును నేలపై దించి, వెనుక భాగాన్ని కొన్నిసార్లు క్రిందికి నొక్కి వదలాలి. ముందు బోల్టును, షాకిల్ నట్లను అప్పుడే పూర్తిగా బిగించాలి.

చివరి బిగింపు

ముందు కన్నులోని బుష్ జారదు, రబ్బరు మెలిపడడం ద్వారానే కదలికకు వీలు కల్పిస్తుంది. స్ప్రింగు వ్రేలాడుతున్నపుడే బోల్టు బిగిస్తే, కారు నేలపై నిలిచిన క్షణం నుండి రబ్బరు మెలిపడే ఉంటుంది. దానివలన బుష్ త్వరగా చిరుగుతుంది, కారు ఎత్తు కూడా సరిగా కుదరదు. కొత్త మెత్తలు, పట్టీలు సర్దుకొనేసరికి యు-బోల్టులు కొంత వదులయ్యే అవకాశమున్నందున, కొద్ది రోజులు నడిపిన పిమ్మట అన్ని నట్లనూ మరల పరీక్షించాలి.

ఇవి కూడా చూడండి

ఇరుసు
షాక్ అబ్సార్బరు
స్ప్రింగు