నదీ ముఖద్వారాల్లో కోత, మేట: మానవ ప్రమేయం

నది సముద్రంలో కలిసేచోట, ఆటుపోట్లకు ఉప్పునీరూ మంచినీరూ కలగలిసే భాగం ముఖద్వారం. మత్స్యకారుల మాటలో ‘మొగ’. నది మోసుకొచ్చిన ఒండ్రు, ఇసుక ఇక్కడ మేట వేస్తాయి. అలలు, తీరం వెంబడి సాగే ప్రవాహాలు ఆ మేటను కోసుకుపోతాయి. రాక పెరిగితే మొగ పూడుతుంది, తగ్గితే తీరం కరుగుతుంది. ఈ జమాఖర్చును మనిషి ఎక్కువగా తారుమారు చేసింది సముద్రపు ఒడ్డున కాదు, వందల కిలోమీటర్ల ఎగువన.

రాయలసీమలోని పెద్దపంజాణి చుట్టుపక్కల మెట్టసీమకు సముద్రం దూరం. అయినా మదనపల్లె నుంచి కుప్పం దాకా ఉన్న ఈ ఎత్తునేలల మట్టికి చివరి మజిలీలు రెండు మొగలు. కుప్పం ప్రాంతంలో 33 కిలోమీటర్లు పారే పాలారు, పలమనేరు మీదుగా వచ్చే కౌండిన్యను కలుపుకొని తమిళనాడులోని వాయలూరు వద్ద బంగాళాఖాతం చేరుతుంది. మదనపల్లె బాహుదా చెయ్యేరులోకి, చెయ్యేరు పెన్నలోకి పోతాయి. పెన్న మొగ నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర. పూర్వం వాలు నుంచి జారిన మట్టిలో చాలా భాగం గొలుసుకట్టు చెరువుల్లోనే ఆగేది. వేసవిలో రైతులు ఆ పూడికను బండ్లకెత్తి పొలాలకు తోలుకునేవారు. అడవి కొట్టి, వాలును దున్ని, చెరువును పట్టించుకోకపోతే అదే మట్టి వరదతో కిందికి పోతుంది.

మేట ఎక్కువైతే ఏమవుతుందో గోదావరి మొగలోని కోరంగి చూపింది. ఓడల మరమ్మతుకు పేరుపడ్డ ఈ రేవును 1789, 1839 తుపానులు దెబ్బతీశాయి. ఒండ్రు పూడిక దాన్ని కోలుకోనివ్వలేదు. వ్యాపారం కాకినాడకు తరలింది. గోదావరి ఇసుకతోనే గత రెండు శతాబ్దాల్లో కాకినాడ ఎదుట హోప్ ఐలాండ్ అనే పొడవాటి ఇసుక దిబ్బ పెరిగింది.

19వ శతాబ్దపు ఆనకట్టలు ఈ తీరును పెద్దగా మార్చలేదు. ధవళేశ్వరం (1852), బెజవాడ (1855) కట్టడాలు ఎత్తు తక్కువవి, వరద వాటి మీదుగా ఒండ్రుతో సహా దూకేది. అసలు మలుపు జలాశయాలతో వచ్చింది. కృష్ణపై 1967లో నాగార్జునసాగర్, 1980లలో శ్రీశైలం, పెన్నపై సోమశిల నిండాయి. నిలిచిన నీటిలో మట్టి అడుగుకు దిగుతుంది. శ్రీశైలం నిల్వ సామర్థ్యం 308 టీఎంసీల నుంచి సుమారు 215కు పడిపోయింది. డెల్టాకు చేరని ఒండ్రు ఎక్కడుందని అడిగేవారికి జవాబు ఇదే.

గోదావరి 1970లలో ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది, 1990లలో అది 6 కోట్ల టన్నుల లోపుకు తగ్గింది. 1976–2001 మధ్య గోదావరి డెల్టా ముందుభాగంలో 1,800 హెక్టార్లకు పైగా నేల సముద్రం పాలైంది. కృష్ణా డెల్టా 1977–2000 మధ్య సగటున ఏడాదికి 77 హెక్టార్లు కోల్పోయింది. 1970లో అస్వాన్ హైడ్యామ్ పూర్తయ్యాక ఈజిప్టులో నైలు రొసెట్టా మొగ కూడా ఇలాగే వెనక్కి జరిగింది.

మన రాజకీయ పరిభాషలో సముద్రంలో కలిసే నీరంతా ‘వృథా’. మొగ దృష్టితో చూస్తే ఈ మాట సరికాదు. పూడికను ఊడ్చేదీ, ఉప్పును వెనక్కి నెట్టేదీ ఆ వరదే. అలాగని మెట్ట రైతు దాహాన్ని తప్పుపట్టలేం. శ్రీశైలం వెనుక మల్యాల వద్ద ఎత్తిపోసే హంద్రీ–నీవా పథకపు నీరు నేడు మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు వస్తోంది. అంటే పాలారు, పెన్న ఎగువనున్న ఈ సీమ ఇప్పుడు కృష్ణ మొగ లెక్కలోనూ భాగమే.

కట్టడం నిలిచినప్పుడే కాదు, తెగినప్పుడూ మేట కథ మారుతుంది. 2021 నవంబరు 19న పింఛా నదిపై పింఛా, చెయ్యేరుపై అన్నమయ్య జలాశయాల కట్టలు తెగి, రాజంపేట మండలంలో పులపత్తూరు, మందపల్లి పరిసరాల పొలాలు ఇసుక మేటల కింద పడ్డాయి. ఇసుక తవ్వకాల ప్రభావం దీనికి భిన్నం: ఏటి అడుగు దిగి, ఒడ్డు కోతకు గురై, మొగకు పోవాల్సిన ముతక ఇసుక లారీలెక్కుతుంది. పాలారు ఇందుకు పేరుమోసింది. ఏడాదిలో ఎక్కువ కాలం ఎండి ఉండే ఆ నది మొగ దగ్గర, వాయలూరులో, సముద్రపు నీరు లోపలికి ఎక్కకుండా అడ్డుకట్ట కట్టారు.

తీరంలో రక్షణ పనులు ఆలస్యంగా మొదలయ్యాయి. కాకినాడకు ఉత్తరాన ఉప్పాడలో ఇళ్లు, బీచ్ రోడ్డు కోతకు గురవుతుంటే ఇసుక నింపిన జియోట్యూబులతో గోడ కట్టారు. అలలకు అది దెబ్బతింటే బండరాళ్లు పోశారు. గోడ తన వెనకున్న నేలను కాస్తుందే తప్ప ఇసుకను పుట్టించలేదు. అది ముగిసేచోట, పక్కనున్న రక్షణ లేని తీరాన కోత సాగుతుంది.