పాత చర్చిల ఛాయాచిత్రాలు: వాటిని ఆధారంగా చదవడం ఎలా?

మీ ఊళ్లో పాత చర్చిని పడగొట్టి కొత్తది కట్టారనుకోండి. పాతది ఎలా ఉండేదో చెప్పడానికి పాస్టరు గారి గదిలో గోడకు వేలాడే ఫొటో ఒక్కటే మిగలవచ్చు. చరిత్ర విద్యార్థిగా మీరు దానిని ఎంతవరకు నమ్మాలి? ఈ భాగంలో ఆ ప్రశ్నను పరిశీలిద్దాం.

1. తొలి ప్రయత్నం

1851లో ఫ్రాన్సు చారిత్రక కట్టడాల సంఘం ఐదుగురు ఛాయాగ్రాహకులను దేశంలోని వివిధ ప్రాంతాలకు పంపింది. వారిలో ఒకరైన ఆన్రీ ల సెక్ స్ట్రాస్‌బర్గ్ వంటి చోట్ల కెథడ్రళ్లను ఫొటోలు తీశాడు. మరమ్మతులకు ముందు కట్టడాల స్థితిని నమోదు చేయడం దీని ముఖ్యోద్దేశం. ఆ నమోదు ఎందుకు అవసరమో పారిస్‌లోని నోత్ర్ దామ్ చర్చి తెలుపుతుంది. 2019 అగ్నిప్రమాదంలో కూలిన దాని శిఖరం మధ్యయుగం నాటిది కాదు, 1859లో పునరుద్ధరణలో భాగంగా నిలిపినది. అంతకు ముందరి ఫొటోలలో అది కనిపించదు.

2. మద్రాసు ప్రెసిడెన్సీలో

మద్రాసు ప్రభుత్వం 1856లో లినయస్ ట్రైప్‌ను ఛాయాగ్రాహకుడిగా నియమించింది. 1857-58లో అతడు శ్రీరంగం, మదురై, తంజావూరు తిరిగాడు. కొల్లేరు ప్రాంతం ఆ యాత్రలో లేదు. తెలుగు నేలకు చెందిన అమరావతి శిల్పాలను అతడు 1858లో తీశాడు, అదీ అమరావతిలో కాదు, మద్రాసు మ్యూజియంలో. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి తీయించిన రాళ్లవి. ఆ ఫొటోలలో చెక్కడం స్పష్టంగా కనిపిస్తుంది. కానీ ఏ రాయి స్తూపంలో ఎక్కడ ఉండేదో తెలియదు. చర్చి ఫొటో కూడా అంతే. ఊరు, తేదీ, తీసిన దిక్కు తెలియకపోతే అది సగం ఆధారమే.

3. ఫొటోలో కనిపించనిది

ఆనాటి కెమెరాకు ఎక్కువసేపు వెలుగు సోకాలి. నడిచే మనుషులు ఫొటోలో పడేవారు కాదు. కనుక ఖాళీగా కనిపించే చర్చి ఆవరణ నిజంగా ఖాళీగా ఉందని అనుకోకండి. ఆకాశం తెల్లగా వచ్చేది. అందుకే ట్రైప్ కొన్ని నెగెటివ్‌లపై మేఘాలను రంగుతో దిద్దాడు. అంటే ఫొటోలోనూ చేతిపని ఉంటుంది.

ఇంకొక విషయం గమనించండి. మచిలీపట్నంలో 1841లో మొదలైన చర్చ్ మిషనరీ సొసైటీ తెలుగు మిషన్ 1854లో ఏలూరుకు విస్తరించింది. పట్టణాలలో పక్కా చర్చిలు లేచాయి. పల్లెల్లో చాలాచోట్ల ప్రార్థన జరిగింది మట్టి గోడల మీద తాటాకు కప్పిన పాకల్లోనే. కెమెరా సాధారణంగా పెద్ద కట్టడం వైపే తిరుగుతుంది. వరదకో గాలివానకో పోయిన పాకకు ఫొటో లేనంత మాత్రాన అక్కడ సంఘమే లేదని తీర్మానించకూడదు. పేదల చరిత్ర ఇలాగే జారిపోతుంది.

4. అభ్యాసం

మీ దగ్గరలోని చర్చిలో పాత ఫొటో ఉంటే దాని వెనుకవైపు కూడా చూడండి. స్టూడియో ముద్ర, తేదీ ఉంటే రాసుకోండి. అందులో ఉన్నవారెవరో పెద్దలను అడిగి, ఫొటో మీద కాక విడి కాగితం మీద రాయండి. అదే చోట నిలబడి ఇప్పటి కట్టడాన్ని తీయండి. తరువాత ఈ ప్రశ్నకు పది వాక్యాలలో సమాధానం రాయండి: ఈ ఫొటో ఎవరి కోసం తీశారు? అందులో ఎవరు లేరు?