చెయ్యి ఎంత పోయింది, బతుకుదెరువు ఎంత పోయింది: పని ప్రమాద పరిహార వివాదాల్లో కార్మికుడికి అందాల్సిన సాయం

1968 జులై 6న ఒడిశాలోని జయపురంలో, ఒక సినిమా హాలుకు అలంకారపు చెక్కపని చేస్తున్న వడ్రంగి పైనుంచి పడ్డాడు. ఎడమ చేతిని మోచేతి దగ్గర తీసేయాల్సి వచ్చింది. ఆయనకు కార్మిక పరిహార కమిషనర్ ఇచ్చిన 9,800 రూపాయల పరిహారంపై యజమాని సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1975 డిసెంబరు 4న తీర్పు వచ్చింది. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు కాబట్టి పోయింది నూటికి నూరు శాతం సంపాదన శక్తి అని కోర్టు ఒప్పుకుంది. పరిహారం బాకీ పడేది కమిషనర్ ఉత్తర్వు వచ్చిన రోజున కాదు, ప్రమాదం జరిగిన రోజునే అని కూడా తేల్చింది.

1923 నాటి పరిహార చట్టం మొదటి షెడ్యూలు చూస్తే ఈ తీర్పు బరువు తెలుస్తుంది. అందులో ఒక చెయ్యి ఏకంగా భుజం కీలు దగ్గర పోయినా 90 శాతమే. వడ్రంగికి వంద ఎలా వచ్చింది? సంపూర్ణ వైకల్యానికి చట్టం చెప్పే అర్థం వేరే చోట ఉంది: ప్రమాదం నాటికి ఆ మనిషి చేయగలిగిన పనులన్నిటికీ పనికిరాకుండా పోవడం. షెడ్యూలు అవయవాన్ని కొలుస్తుంది, ఈ నిర్వచనం మనిషి చేసే పనిని కొలుస్తుంది. బీమా కంపెనీలు మొదటి కొలతను పట్టుకుంటాయి. కార్మికుడి తరఫున మాట్లాడేవారు రెండోదాన్ని రుజువు చేయాలి. మన దగ్గర అప్పీళ్లు ఓడిపోవడానికి పెద్ద కారణం ఈ రుజువు అప్పీలు నాటికి కాగితం మీద లేకపోవడమేనని నా అభిప్రాయం.

తేడా ఎంతో లెక్కవేసి చూద్దాం. 30 ఏళ్ల తాపీమేస్త్రీ, చట్టం లెక్కలోకి తీసుకునే గరిష్ఠ నెల వేతనం 15,000. అందులో 60 శాతం 9,000. ఆ వయసుకు నాలుగో షెడ్యూలు చూపే గుణకం 207.98. రెండింటినీ హెచ్చిస్తే సంపూర్ణ వైకల్యానికి 18,71,820 రూపాయలు. కుడిచేతి బొటనవేలు పోయిందనుకుందాం. షెడ్యూలు ప్రకారం 30 శాతం, అంటే 5,61,546. కానీ ఆ వేలు లేకుండా తాపీ పట్టు దొరకదు, గోడకు సిమెంటు కొట్టడం కుదరదు. ఆయన నష్టం 60 శాతమని సాక్ష్యంతో తేలితే పరిహారం 11,23,092 అవుతుంది. గాయం ఒకటే, వేలూ ఒకటే. మారిందల్లా ఆయన పని గురించి రికార్డులో చేరిన నాలుగు మాటలు.

ఆ నాలుగు మాటలు ఎవరు రాయాలి? ఆసుపత్రి ధ్రువపత్రంలో డాక్టరు కీలు ఎంత వంగుతుందో, పట్టు ఎంత తగ్గిందో రాస్తారు. అది వైద్యం. ఆ చేత్తో మనిషి రోజంతా ఏం చేసేవాడో డాక్టరుకు తెలియదు, చెప్పేవారూ ఉండరు. అందుకే యూనియన్ కార్యకర్త గానీ, లాయరు గానీ మొదట చేయాల్సింది పనివివరణ రాయించడం: ఏ పనిముట్టు, ఎంత బరువు, ఏ చెయ్యి, నిచ్చెన ఎక్కాలా, గంటకు ఎన్నిసార్లు. ఆ కాగితం డాక్టరు ముందు పెట్టి సంపాదన శక్తి నష్టంపై అభిప్రాయం అడగాలి. తర్వాత డాక్టరును సాక్షిగా పిలిపించాలి. ధ్రువపత్రం ఒక్కటే దాఖలు చేసి ఊరుకుంటే ఎదుటి లాయరుకు అంతకంటే ఏం కావాలి?

ఈ జాగ్రత్త మొదట్లోనే ఎందుకంటే, పై మెట్టు చాలా ఇరుకు. 30వ సెక్షన్ కింద హైకోర్టుకు వెళ్లాలంటే గణనీయమైన న్యాయప్రశ్న ఉండాలి, గడువు 60 రోజులు. వాస్తవాల విషయంలో కమిషనర్ మాటే చివరిదని, వైకల్య శాతాన్ని హైకోర్టు మళ్లీ తూకం వేయకూడదని 2016లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అది కార్మికుడికి మేలు చేసిన తీర్పే. కానీ కత్తికి రెండు వైపులా పదును. కమిషనర్ దగ్గర తక్కువ శాతం పడితే అదీ అలాగే స్థిరపడిపోతుంది. యజమాని అప్పీలు చేయాలంటే ముందు పరిహారం మొత్తం జమ కట్టాలన్న నిబంధన మాత్రం కార్మికుడికి గట్టి ఆసరా.

మరో ప్రమాదం ఆసుపత్రి మంచం దగ్గరే పొంచి ఉంటుంది. కాంట్రాక్టరు వచ్చి ఖర్చులు భరిస్తానంటాడు, కొంత డబ్బు చేతిలో పెట్టి తెల్లకాగితం మీద సంతకం చేయించుకుంటాడు. 17వ సెక్షన్ ప్రకారం హక్కును వదులుకునే ఒప్పందం చెల్లదు. ఏకమొత్తపు సర్దుబాటు జరిగితే దాన్ని కమిషనర్ దగ్గర నమోదు చేయించాలి, లేకపోతే యజమాని పూర్తి పరిహారానికి బాధ్యుడే. మరణించిన సందర్భంలో పరిహారం కమిషనర్ దగ్గరే జమ కావాలి, ఇంటికొచ్చి ఇచ్చిన డబ్బు సాధారణంగా పరిహారం కింద లెక్కకు రాదు. పనికి పెట్టింది కాంట్రాక్టరే అయినా అసలు యజమాని తప్పించుకోలేడని 12వ సెక్షన్ చెబుతోంది. ఇవన్నీ తెలియక సంతకం చేసిన మనిషి, ఇక ఏమీ రాదనుకుని దావా వేయడానికి ఉన్న రెండేళ్ల గడువు దాటబెట్టుకోవడం నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం.

ఈఎస్‌ఐ కార్డు ఉన్నవారి దారి వేరు. పరిహార చట్టం కింద దావా వేయడానికి వీల్లేదు. శాశ్వత వైకల్యాన్ని మెడికల్ బోర్డు తేలుస్తుంది. దానిపై మెడికల్ అప్పీలు ట్రిబ్యునల్‌కు గానీ, నేరుగా ఉద్యోగుల బీమా కోర్టుకు గానీ వెళ్లవచ్చు. తర్వాత గాయం ఊహించని విధంగా ముదిరితే బోర్డు తన నిర్ణయాన్ని పునఃపరిశీలించవచ్చు. ఇక్కడ ఒక మేలుంది: పని కాలంలో జరిగిన ప్రమాదం, వ్యతిరేక సాక్ష్యం లేనంతవరకు, పని వల్లే జరిగిందని చట్టం అనుకుంటుంది. 1923 చట్టం కింద ఆ భారం దావా వేసినవారిదేనని 1969లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి అక్కడ హాజరుపట్టీ, వేతన చీటీ, ఆసుపత్రిలో మొదట రాయించిన ప్రమాద కారణం, తోటి కూలీల వాంగ్మూలం ఒక్కటీ వదలకూడదు. ఇంటి దగ్గర జారిపడ్డాడని ఆ మొదటి చీటీలో ఎవరైనా రాయిస్తే, తర్వాత దాన్ని చెరపడం మహా కష్టం.

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ 1923 చట్టాన్నీ, ఈఎస్‌ఐ చట్టాన్నీ తనలో కలుపుకుంది. ఇంటి నుంచి పనికి వెళ్లివచ్చే దారిలో ప్రమాదాన్ని, పనితో దానికి సంబంధం కనిపిస్తే, పని ప్రమాదంగానే చూస్తుంది. పనివల్ల, పని కాలంలో కలిగిన గాయమన్న మూలసూత్రం మాత్రం మారలేదు. పాత ప్రమాదాల దావాలు ఇంకా చాలాకాలం నడుస్తాయి కాబట్టి పాత చట్టంలోని రెండు చిన్న నిబంధనలు గుర్తుపెట్టుకోవాలి. 24వ సెక్షన్ ప్రకారం లాయరే రానక్కర్లేదు, నమోదైన కార్మిక సంఘం ప్రతినిధి కూడా కార్మికుడి తరఫున హాజరు కావచ్చు. 22వ సెక్షన్ ప్రకారం చదువురాని కార్మికుడు కోరితే, దరఖాస్తును కమిషనరే దగ్గరుండి రాయించాలి. తొలిసారి కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లేటప్పుడు, పనివివరణ కాగితంతో పాటు ఈ రెండు సెక్షన్ల నంబర్లూ చీటీ మీద రాసుకుని వెళ్లాలి.