లినక్స్ వైర్‌లెస్ డ్రైవర్లు: కెర్నల్ దోషనిర్ధారణ చరిత్రలో మూలసంకేతం పాత్ర (2004-2008)

వ్యాససంగ్రహం:
కంప్యూటర్ హఠాత్తుగా స్తంభించినప్పుడు కారణాన్ని కనుగొనడం కేవలం సాంకేతిక నైపుణ్యానికి సంబంధించిన విషయంగా కనిపిస్తుంది. అయితే దోషమున్న భాగాన్ని చదివే అవకాశం ఎవరికి ఉందన్న ప్రశ్న కూడా అందులో ఇమిడి ఉంది. అథెరాస్ సంస్థ తయారుచేసిన వైర్‌లెస్ చిప్‌లకు లినక్స్‌లో డ్రైవర్లు రూపొందిన క్రమం ఆధారంగా ఈ అంశాన్ని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: లినక్స్, కెర్నల్, వైర్‌లెస్ డ్రైవర్, మూలసంకేతం, దోషనిర్ధారణ.

1. ఉపోద్ఘాతం:
హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ కెర్నల్‌ను వెలువరించాడు. ప్రాసెసర్, మెమరీ, ఇతర పరికరాలను నియంత్రిస్తూ మిగిలిన ప్రోగ్రాములన్నింటికీ ఆధారంగా నిలిచే కేంద్రభాగమే కెర్నల్. పరికరాలను నడిపే డ్రైవర్లు కూడా లినక్స్‌లో సాధారణంగా కెర్నల్‌లో అంతర్భాగంగా, దానికున్న అధికారంతోనే పనిచేస్తాయి. ఈ నిర్మాణం కాలం చెల్లినదని 1992 జనవరిలో ఆండ్రూ టానెన్‌బామ్ విమర్శించగా, టోర్వాల్డ్స్ దానిని సమర్థించుకొన్నాడు. ఈ నిర్మాణం పనితీరు వేగానికి తోడ్పడింది. ఒక్క డ్రైవర్‌లోని పొరపాటు మొత్తం వ్యవస్థను పడగొట్టే ప్రమాదమూ దానితోనే వచ్చింది.

2. పతనం మిగిల్చే ఆనవాళ్లు:
కెర్నల్‌లో దోషం సంభవించినప్పుడు వెలువడే నివేదికను లినక్స్ పరిభాషలో 'ఊప్స్' అంటారు. దోషం జరిగిన చిరునామా, ప్రాసెసర్ రిజిస్టర్ల విలువలు, అంతవరకు ఒకదానినొకటి పిలుచుకొంటూ వచ్చిన ఫంక్షన్ల వరుస అందులో ఉంటాయి. ఊప్స్ తరువాత కెర్నల్ ఒక్కోసారి కొనసాగగలదు. పరికరం పంపిన అంతరాయ సంకేతానికి స్పందిస్తున్న సమయంలోనే దోషం ఏర్పడితే మాత్రం కొనసాగే వీలుండదు. అది 'ప్యానిక్'గా పరిణమించి వ్యవస్థ ఆగిపోతుంది. వైర్‌లెస్ డ్రైవర్లు చాలా పనిని ఇటువంటి సందర్భంలోనే చేస్తాయి కనుక వాటిలోని దోషాలు తరచుగా ప్యానిక్‌కు దారితీశాయి.

ఆ స్థితిలో నివేదికను భద్రపరచడమే మొదటి సమస్య. డిస్కుపై రాయవలసిన కెర్నలే ఆగిపోయి ఉంటుంది. గ్రాఫిక్ తెర ఉన్న కంప్యూటర్లలో అక్షరాలు కనిపించక, కీబోర్డు దీపాలు మిణుకుమనడమే ఏకైక సూచనగా మిగిలిన సందర్భాలున్నాయి. నివేదికను నెట్‌వర్క్ ద్వారా మరొక కంప్యూటర్‌కు చేర్చే 'నెట్‌కన్సోల్' ఉన్నప్పటికీ, చెడిపోయినది వైర్‌లెస్ డ్రైవరే అయినప్పుడు తీగతో కలిపిన ఈథర్‌నెట్ అవసరమయ్యేది. 2005 ఆగస్టులో వెలువడిన 2.6.13లో 'కేడంప్' చేరింది. దీనితో, పడిపోయిన కెర్నల్ మెమరీని ముందుగా సిద్ధంగా ఉంచిన రెండవ కెర్నల్ భద్రపరచగలిగింది.

3. చదవడానికి వీలులేని భాగం:
ఆనవాళ్లు దొరికినా అవి చూపిన చోటును చదవగలగాలి. అథెరాస్ చిప్‌లకు లినక్స్‌లో వాడుకలో ఉన్న 'మ్యాడ్‌వైఫై' డ్రైవర్‌లో పై భాగం మూలసంకేతం అందరికీ లభించేది. చిప్‌తో నేరుగా వ్యవహరించే 'హాల్' అనే అడుగు పొర మాత్రం యంత్రసంకేతంగానే వచ్చేది. రేడియో పౌనఃపున్యం, ప్రసారశక్తి సాఫ్ట్‌వేర్ ద్వారానే మారగలవు కనుక, దానిని బయటపెడితే అమెరికా వంటి దేశాల ప్రసార నిబంధనల ఉల్లంఘనకు అవకాశమిచ్చినట్లవుతుందన్నది ఈ గోప్యతకు చెప్పిన కారణం.

దీని పర్యవసానం దోషనిర్ధారణపై పడింది. మూలసంకేతం లేని భాగం చేరిన కెర్నల్ తన నివేదికలో 'టెయింటెడ్', అనగా కళంకితం, అని ముద్రిస్తుంది. ఆ గుర్తు ఉన్న నివేదికలపై కెర్నల్ రూపకర్తలు సాధారణంగా శ్రమించేవారు కారు. ఆ భాగాన్ని తొలగించి అదే దోషాన్ని మళ్లీ చూపమనేవారు. వైర్‌లెస్ తప్ప మరో అనుసంధానం లేని వాడుకరికి ఇది ఆచరణసాధ్యం కాని సలహా.

విండోస్ డ్రైవర్లనే లినక్స్ కెర్నల్‌లో నడిపించిన 'ఎన్‌డిస్‌వ్రాపర్' మరొక ఉదాహరణ. 32 బిట్ల విండోస్‌లో కెర్నల్ స్టాక్ పరిమాణం 12 కిలోబైట్లు, లినక్స్‌లో 8. 2004 మే నెలలో వచ్చిన 2.6.6లో దీనిని 4 కిలోబైట్లకు తగ్గించే ఐచ్ఛికం చేరింది. విశాలమైన స్టాక్‌ను ఆశించి రాసిన డ్రైవర్ ఇరుకైన స్టాక్‌ను దాటిపోగా వ్యవస్థ కూలిపోయేది. ఇక్కడ డ్రైవర్ తన స్వస్థానంలో నిర్దుష్టమైనదే కావచ్చు. దానికీ కొత్త పరిసరానికీ పొసగకపోవడమే దోషం.

4. తెరుచుకొన్న మూలసంకేతం:
ఈ పరిస్థితిలో మార్పుకు మొదటి అడుగు లినక్స్‌కు వెలుపల పడింది. ఓపెన్‌బీఎస్‌డీకి చెందిన రేక్ ఫ్లోటర్, హాల్ చిప్‌తో వ్యవహరించే తీరును విశ్లేషించి దానికి ప్రత్యామ్నాయాన్ని రచించాడు. అది 2005 మే నెలలో విడుదలైన ఓపెన్‌బీఎస్‌డీ 3.7లో చేరింది. ఈ రచనను లినక్స్‌కు అనువుగా మలచే క్రమంలో కాపీహక్కుల సందేహం తలెత్తింది. సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ లా సెంటర్ పరిశీలించి, అథెరాస్ కాపీహక్కులకు భంగం కలగలేదని 2007 జూలైలో ప్రకటించింది. ఈ కృషి ఫలితమైన 'ఏటీహెచ్5కే' డ్రైవర్ 2008 ఏప్రిల్ నాటి 2.6.25లో స్థానం పొందింది. అదే ఏడాది జూలైలో అథెరాస్ తన కొత్త చిప్‌లకు 'ఏటీహెచ్9కే' అనే డ్రైవర్‌ను మూలసంకేతంతో సహా స్వయంగా విడుదల చేసింది. అది అక్టోబరులో 2.6.27తో కెర్నల్‌లో భాగమైంది.

5. దోషాన్వేషణలో మార్పు:
మూలసంకేతం తెరుచుకొన్నంత మాత్రాన దోషాలు అంతరించలేదు. చిప్ మెమరీలోకి నేరుగా రాసే ప్రక్రియ సకాలంలో ఆగడం లేదన్న హెచ్చరిక ఏటీహెచ్9కే వాడుకరులకు ఆ తరువాతా ఎదురవుతూనే ఉండింది. విడిచిపెట్టిన మెమరీలో పరికరం ఇంకా రాస్తూ ఉంటే, ఆ చోటును పొందిన మరో భాగంలో పతనం సంభవించవచ్చు. అప్పుడు నివేదిక చూపే చోటు వేరు, అసలు కారణం వేరు.

ఇటువంటి సందర్భాలలో 2005లో టోర్వాల్డ్స్ ప్రారంభించిన 'గిట్'లోని 'బైసెక్ట్' పద్ధతి ఉపకరించింది. సరిగా పనిచేసిన కూర్పుకూ, పనిచేయని కూర్పుకూ నడుమనున్న మార్పులను సగం చొప్పున విభజిస్తూ పరీక్షిస్తే, సుమారు వెయ్యి మార్పులలో దోషి పది పరీక్షలతో బయటపడుతుంది. ఒక అపపాఠం ఏ ప్రతితో మొదలైందో తాళపత్రాలను సరిపోల్చి నిర్ణయించే పరిష్కర్త పని వంటిదే ఇది. ప్రతులన్నీ అందుబాటులో ఉంటేనే రెండింటికీ సార్థకత. దోషం మూతపడిన హాల్‌లో ఉన్నప్పుడు ఈ పద్ధతి ఆ పొర గడప వద్దనే ఆగిపోయేది.

6. ఉపసంహారం:
అథెరాస్ డ్రైవర్ల చరిత్రలో 2004-2008 మధ్య వచ్చిన ప్రధానమైన మార్పు దోషాల సంఖ్యకు సంబంధించినది కాదు. దోషాన్ని వెదకగల వారి పరిధికి సంబంధించినది. మ్యాడ్‌వైఫై కాలంలో హాల్‌లోని పొరపాటును సరిచేయగలిగినవారు దాని మూలసంకేతం చేతిలో ఉన్న కొద్దిమందే. ఏటీహెచ్5కే, ఏటీహెచ్9కే వచ్చాక, నివేదికను అర్థం చేసుకోగల ఎవరైనా ఆ పని చేపట్టగలిగారు. గోప్యత అనధికార ప్రసారాన్ని ఎంతవరకు నిరోధించిందన్నది వేరుగా చర్చించవలసిన అంశం. ఆ గోప్యత కొనసాగినంతకాలం తన కంప్యూటర్ ఎందుకు ఆగిపోయిందో తెలుసుకొనే మార్గం వాడుకరికి మూసుకుపోయిందని మాత్రం ఈ పరిశీలన వల్ల స్పష్టమవుతోంది.