ఇండీ రాక్ సమీక్ష: ఒక వృత్తి పుట్టి పెరిగిన తీరు

రాక్ సంగీతంలో ‘ఇండీ’ అనే మాట మొదట ఒక బాణీకి కాక ఒక వ్యాపార పద్ధతికి పేరుగా ఉండేది. స్వతంత్రమని అర్థమిచ్చే ‘ఇండిపెండెంట్’ కుదించగా ఏర్పడిన ఈ మాట, పెద్ద రికార్డు కంపెనీల పెట్టుబడిపైనా పంపిణీ వ్యవస్థపైనా ఆధారపడకుండా చిన్న సంస్థలు, ఒక్కోసారి గాయక బృందాలే సొంతంగా విడుదల చేసిన సంగీతాన్ని సూచించేది. ప్రకటనలకు డబ్బు లేని, పగటి వేళ రేడియోలో చోటు దొరకని ఈ రికార్డుల సంగతి శ్రోతల చెవిన వేసిన సాధనాల్లో ముఖ్యమైనది పత్రికా సమీక్ష. అందువల్ల కొత్త ఇండీ ఆల్బంలపై వెలువడిన అభిప్రాయాల చరిత్రను కేవలం అభిరుచుల చరిత్రగా చూస్తే చాలదు. ఆ సంగీతం బతికి బట్టకట్టిన తీరులో అదొక భాగం.

ఈ వృత్తికి పునాది ఇండీ కంటే ముందే పడింది. బ్రిటన్‌లో 1926లో మొదలైన మెలొడీ మేకర్, 1952లో వచ్చిన న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్, 1970లో పుట్టిన సౌండ్స్ అనే వారపత్రికలు సంగీత వార్తలతోపాటు కొత్త రికార్డులపై సమీక్షలను ప్రచురించాయి. అమెరికాలో 1966లో పాల్ విలియమ్స్ అనే కళాశాల విద్యార్థి స్థాపించిన క్రాడాడీ పత్రిక రాక్ పాటను లోతైన విమర్శకు తగిన కళగా పరిగణించింది. 1969లో విలేజ్ వాయిస్ పత్రికలో రాబర్ట్ క్రిస్ట్‌గౌ ప్రారంభించిన శీర్షిక ఒక్కో ఆల్బంకు కొద్ది వాక్యాల వ్యాఖ్య, దాని పక్కన బడి పిల్లలకు ఇచ్చినట్టు ఒక అక్షర శ్రేణి ఇచ్చే పద్ధతిని నెలకొల్పింది. వివరించి చెప్పడం, శ్రేణి ఇచ్చి తేల్చడం అనే రెండు మార్గాలు అలా ఆ దశాబ్దం ముగిసేలోపే ఏర్పడ్డాయి. తరువాతి చరిత్రంతా వాటి మధ్య పెనుగులాటే.

పంక్ అనే మొరటు, వేగవంతమైన రాక్ బాణీ లండన్‌లో తలెత్తిన 1976లో మార్క్ పెర్రీ స్నిఫిన్ గ్లూ అనే పత్రికను ప్రారంభించాడు. అభిమానులే రాసి, జిరాక్స్ తీసి, చేతికి చేతికి అమ్ముకునే ఇటువంటి పత్రికలను ‘ఫ్యాన్‌జీన్’ అంటారు. అదే ఏడాది జెఫ్ ట్రావిస్ పశ్చిమ లండన్‌లో రఫ్ ట్రేడ్ అనే రికార్డుల దుకాణం తెరిచాడు. 1978 నాటికి అది రికార్డులు విడుదల చేసే సంస్థగానూ ఎదిగింది. 1977 జనవరిలో మాంచెస్టర్‌కు చెందిన బజ్‌కాక్స్ బృందం అప్పు తెచ్చిన సొమ్ముతో స్పైరల్ స్క్రాచ్ అనే నాలుగు పాటల రికార్డును సొంతంగా విడుదల చేసి, పెద్ద కంపెనీ గడప తొక్కకుండానే శ్రోతలను చేరవచ్చని నిరూపించింది. సంగీతం, దుకాణం, పత్రిక మూడూ ఔత్సాహికుల చేతుల్లోకి వచ్చిన ఈ ఘడియలోనే ఇండీ సమీక్ష పుట్టింది.

1980 జనవరిలో బ్రిటన్‌లో స్వతంత్ర రికార్డుల అమ్మకాలకు ప్రత్యేక పట్టిక మొదలైంది. అందులో చోటుకు ప్రమాణం సంగీత శైలి కాదు, పంపిణీ పెద్ద కంపెనీల చేతిలో లేకపోవడమే. 1986లో న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ 22 బృందాల పాటలతో వెలువరించిన సి86 అనే క్యాసెట్ తరువాత మాత్రం ‘ఇండీ’ అంటే గలగలలాడే గిటార్లు, సాదాసీదా గొంతు గల ఒక బాణీ అనే భావన బలపడింది. బీబీసీలో రాత్రి వేళ జాన్ పీల్ నడిపిన కార్యక్రమం ఆ పాటలను వినిపించగా, వారపత్రికలు వాటి గురించి వాదించాయి.

ఆ కాలపు సమీక్షకు దొరికిన గౌరవానికి ఒక భౌతిక కారణం ఉంది. చిన్న పట్టణంలోని శ్రోత రికార్డును ముందుగా వినే అవకాశం లేక, చదివినదాన్ని నమ్మి డబ్బు ఖర్చు పెట్టవలసి వచ్చేది. అందుకే సమీక్షకుడు గిటారు నాదం ఎలా ఉందో, గొంతులోని తడబాటు లోపమో ఉద్దేశమో, పాత రికార్డులతో కొత్తదానికి గల బంధుత్వమేమిటో మాటల్లో వినిపించవలసిన బాధ్యతను మోశాడు. ఈ పద్ధతికి చీకటి పక్షమూ ఉంది. ఒక వారం ఆకాశానికెత్తిన బృందాన్ని మరుసటి ఏడాది నేలకు కొట్టడం ఆ పత్రికలకు అలవాటు. రికార్డు సంస్థలు ఆ పత్రికల ప్రభావాన్ని వాడుకున్నాయి కూడా: 1989లో సియాటిల్‌లోని సబ్ పాప్ సంస్థ మెలొడీ మేకర్ విలేకరి ఎవరెట్ ట్రూను తన ఖర్చుతో రప్పించుకోగా, ఆయన వ్యాసాలు నిర్వాణ వంటి బృందాలకు వేదికైన ఆ నగరాన్ని బ్రిటిష్ పాఠకులకు పరిచయం చేశాయి.

1990ల నడుమ మినియాపొలిస్ ప్రాంతంలో రయన్ ష్రైబర్ అనే యువకుడు ఇంటర్నెట్‌లో ప్రారంభించిన పిచ్‌ఫర్క్, సున్నా నుంచి పది దాకా దశాంశ స్థానంతో సహా మార్కులు వేసే పద్ధతిని ప్రసిద్ధం చేసింది. 2004లో మెర్జ్ అనే చిన్న సంస్థ విడుదల చేసిన ఆర్కేడ్ ఫైర్ తొలి ఆల్బం ఫ్యునెరల్‌కు అది 9.7 ఇవ్వడం ఆ రికార్డు అమ్మకాలను అనూహ్యంగా పెంచింది. అదే ఏడాది, ఒకప్పుడు డిస్మెంబర్‌మెంట్ ప్లాన్ బృందంలో పాడిన ట్రావిస్ మారిసన్ సొంత ఆల్బం ట్రావిస్టాన్‌కు 0.0 దక్కింది. ఆయన పాత బృందాన్ని ఎంతో మెచ్చుకున్న పత్రికే ఈ సున్నా వేసింది. పాఠకులు వ్యాసం చదవకముందే అంకెను చూసి నిర్ణయానికి రావడం ఈ దశలో స్థిరపడింది. 2001లో మొదలైన మెటాక్రిటిక్ పలు పత్రికల తీర్పులను ఒకే సగటు అంకెగా మార్చి ఆ ధోరణిని మరింత ముందుకు నెట్టింది.

చందా కట్టి కోరిన పాటను అప్పటికప్పుడు వినే స్ట్రీమింగ్ సేవలు వ్యాపించాక, కొనేముందు సలహా అనే అవసరమే తగ్గింది. సౌండ్స్ 1991లోనే మూతపడగా, మెలొడీ మేకర్ 2000 చివర న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్‌లో కలిసిపోయింది; ఆ పత్రిక వారపు ముద్రణా 2018లో ఆగిపోయింది. 2015లో కాండే నాస్ట్ సంస్థ కొన్న పిచ్‌ఫర్క్‌ను 2024లో పురుషుల పత్రిక జీక్యూ నిర్వహణ కింద చేర్చారు. అంతకుముందు 2021లో పిచ్‌ఫర్క్ స్వయంగా కొన్ని పాత మార్కులను సవరించి, 2003 నాటి లిజ్ ఫెయర్ ఆల్బంకు ఇచ్చిన 0.0ను 6.0గా మార్చింది.

ఒక అంకెను ఇచ్చినవారే పద్దెనిమిదేళ్ల తరువాత కొట్టివేయగలిగారంటే, అంకెకు సొంత బలం లేదని తేలుతుంది. పాట ఎందుకు నచ్చిందో, ఎక్కడ తప్పిందో కారణాలతో చెప్పిన సమీక్షను మాత్రం, దాని తీర్పుతో విభేదించే పాఠకుడు కూడా నేటికీ చదివి, ఆ ఆల్బంను కొత్త చెవులతో వినగలడు. శ్రోత తానే విని తేల్చుకోగల ఈ కాలంలో సమీక్షకు మిగిలిన పని, ఎప్పటికీ విలువైన పని, తీర్పు వెనుక కారణాన్ని నిజాయితీగా చెప్పడమే.