అరువు వేరూ, సొంత వేరూ

మా పెరట్లో మల్లెతీగ వుంది. పెళ్ళయిన కొత్తలో మా అమ్మ యిచ్చిన అంటు. కొని తెచ్చింది కాదు. పుట్టింటి తీగ కొమ్మనొకదాన్ని వంచి, మట్టిలో కప్పి, పైన ఓ రాయి పెట్టింది అమ్మ. వేళ్ళు పట్టాక తల్లితీగ నుంచి కోసి నా చేతికిచ్చింది. ఆ తల్లితీగ యిప్పుడు లేదు. కానీ నా పెరట్లో పూస్తున్నది దాని పిల్ల కాదు సుమండీ, అచ్చంగా అదే తీగ!

సరిగ్గా యీ నేల అంటుతోనే ఫ్రాన్సులో ఒక కుటుంబం తన పాత ద్రాక్షతీగల్ని కాపాడుకుంటూ వస్తోంది. ద్రాక్షసారా చేసేవాళ్ళ కబుర్లు మనకెందుకూ అని ముక్కు మీద వేలేసుకోకండి. సారా మాట పక్కన పెడదాం. ఇది తీగ కథ, ఒక ఆడమనిషి కథ.

పారిస్‌కి ఈశాన్యాన షాంపేన్ సీమ. నురగలు కక్కే ద్రాక్షసారాకి ఆ సీమను బట్టే ఆ పేరు వచ్చింది. అక్కడ అయీ అనే చిన్న ఊళ్ళో 1829లో మొదలైంది బోలింజర్ వారి వ్యాపారం.

1860ల్లో ఫ్రాన్సు తోటలకు ఫిలోక్సెరా అనే పురుగు పట్టింది. నలుసంత పురుగు. అమెరికా మొక్కల వెంట ఓడల్లో వచ్చి, వేళ్ళలో చేరి రసం పీల్చేసింది. తోటలకు తోటలే ఎండిపోయాయి. చిత్రమేమిటంటే, విరుగుడూ అమెరికాలోనే దొరికింది. అక్కడి తీగల వేళ్ళు ఆ పురుగును తట్టుకుంటాయి. ఆ వేరు మీద ఫ్రెంచి కొమ్మను అంటు కట్టారు. నేటికీ ఫ్రాన్సు తోటలు దాదాపు అన్నీ ఆ అరువు వేళ్ళ మీద నిలబడ్డవే.

బోలింజర్ వారి చిన్న మడులు కొన్ని మాత్రం బతికి బయటపడ్డాయి. వాటిని సొంత వేళ్ళ మీదే వుంచారు. తీగ పాతబడితే కొమ్మను వంచి మట్టిలో కప్పుతారు. కొస మాత్రం పైకి వదులుతారు. అది వేళ్ళు పట్టి కొత్త తీగవుతుంది. అందుకే అక్కడ సాళ్ళు వుండవు, తిరణాలలో జనంలా తీగలు గుంపుగా నిలబడతాయి. యంత్రాలు దూరవు, అంతా చేతి చాకిరీయే.

ఆ యింటికి 1923లో జాక్ బోలింజర్ భార్యగా వచ్చింది లిల్లీ. 1941లో ఆయన పోయాడు. ఆవిడకి నలభై దాటింది, పిల్లలు లేరు. బయట యుద్ధం, ఊళ్ళో జర్మన్ సైన్యం. ఎవరైనా అమ్మేసి హాయిగా కూర్చుందురు! ఆవిడ సైకిలెక్కింది. పెట్రోలు దొరకని ఆ రోజుల్లో సైకిలు మీదే తోటలన్నీ తిరిగింది. ముప్ఫయ్యేళ్ళు ఆ యిల్లు నడిపింది.

ఆ సీమలో యిది కొత్త కాదు. 1805లో ఇరవయ్యేడేళ్ళకే భర్తను పోగొట్టుకున్న క్లికో గారి పేరు, ‘విధవ’ అన్న మాటతో సహా, యిప్పటికీ సీసాల మీద వుంటుంది. మనదగ్గర తిట్టుగా వాడిన మాట, అక్కడ నమ్మకానికి ముద్రయింది!

1969లో, డెబ్భై ఏళ్ళ వయసులో, లిల్లీ హయాంలోనే ఆ పాత తీగల పళ్ళతో విడిగా షాంపేన్ చేయించారు. ‘పాత ఫ్రెంచి తీగలు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. 1971లో ఆవిడ బంధువుల్లోని తర్వాతి తరానికి పగ్గాలు అప్పగించింది. 1977లో కన్నుమూసింది. వ్యాపారం నేటికీ కుటుంబం చేతుల్లోనే వుంది.

మడులు మాత్రం తరిగాయి. బూజీ అనే ఊళ్ళో వున్న మడిని యీ శతాబ్దం తొలి ఏళ్ళలో ఆ పురుగే పొట్టన పెట్టుకుంది. మిగిలినవి రెండు. రెండూ కలిపినా ఎకరం వుండదు. అరువు వేరు పెడితే బెంగ తీరుతుంది. అయినా ఏటేటా కొమ్మలు వంచి మట్టిలో కప్పుతూనే వున్నారు. పోతుందేమోనన్న భయం వున్నచోటే జాగ్రత్తా వుంటుంది కాబోలు.

మొన్నటి వానలకి నేనూ ఓ మల్లెకొమ్మ వంచి రాయి పెట్టాను. మా అమ్మాయి వుండేది నాలుగో అంతస్తులో. కుండీ సిద్ధం చేసుకోమని ఫోను చేశాను.